బొట్టు పెట్టిన పాత డబ్బా

ఒంగోలులో మా పత్రికాఫీసుకి ఒక అలవాటు ఉండేది. సాయంత్రం ఎవరి పేజీ ముందు తయారైతే, అందులోని పెద్ద వార్త జిల్లా ఎడిషన్ మొదటి పేజీకి ఎక్కేది. తర్వాత వచ్చింది ఎంత మంచిదైనా లోపలికే. చీరాల వైపు పేజీ నాది. ఒంగోలు పేజీ నా పక్క సీటులోని మిత్రుడిది. ఇద్దరం ఒకేసారి ఉద్యోగంలో చేరాం. ఒకే గదిలో అద్దెకున్నాం. అతని వార్త మొదటి పేజీకెక్కిన రోజు నాకు అన్నం సహించేది కాదు.

ఆ ఏడు దసరా తర్వాత నా కంప్యూటర్ మందగించింది. పేజీలూ ఫొటోలూ అన్నీ ఆఫీసు సర్వర్‌లోనే ఉంటాయి. వాడరేవులో చేపలు ఎండబెట్టే ఫొటో తెరిస్తే పైనుంచి పట్టీలు పట్టీలుగా దిగేది. ముందు ఆకాశం, చాలాసేపటికి సముద్రం. చేపలు కనిపించేలోపు పక్కన అతను పేజీ పంపేసి, కుర్చీ వెనక్కి వాల్చి ఒళ్లు విరుచుకునేవాడు. ఆ కుర్చీ కిర్రుమంటే నా ఒళ్లు మండేది.

"ఏరా, చేపలు ఎండినయ్యా?" అనేవాడు.

"నీది కొత్త సిస్టమ్. ఎన్నయినా అంటావ్."

"అయితే మార్చుకో. నాకేం?"

మార్చుకున్నాం. అతని కొత్తది నా బల్ల మీదికి రాగానే నత్తనడక పట్టింది. నా పాతది అతని బల్ల మీద పరుగులు తీసింది. యంత్రాలు కూడా అతని పక్షమే అనిపించింది.

చివరికి గుంటూరు నుంచి నెట్‌వర్క్ చూసే ఆయన్ని పిలిపించారు. ఒకే ఫొటోను రెండు సీట్ల నుంచీ తెరిచి చూశాడు.

"సిస్టమ్ మార్చినా జబ్బు సీటునే పట్టుకుందంటే తేడా వైరులో ఉన్నట్టండీ" అని, నా వైరు పట్టుకుని గోడ వెంటే మూలనున్న అలమారా దాకా నడిచాడు. అందులో కంప్యూటర్ల వైర్లన్నీ వచ్చి కలిసే స్విచ్ డబ్బా ఉంది. దాని పక్కన, అంతకుముందు వాడిన పాత డబ్బా కూడా లైట్లు మిణుకుమంటూ ఉంది. రెండింటికీ పసుపు, కుంకుమ బొట్లు. అందరి వైర్లూ కొత్తదానిలో ఉన్నాయి. నాదొక్కటే పాతదానికి పెట్టి, అక్కడి నుంచి చిన్న ముక్కతో కొత్తదానికి కలిపారు.

"ఈ ముసలిదాని గుండా రావడం వల్లేనండీ ఈ సీటుకి ఆలస్యం. దీన్ని ఇంకా ఎందుకు నడుపుతున్నారు?" అన్నాడాయన.

"ఆయుధపూజలో దానికీ బొట్టు పెట్టాం కదండీ" అన్నారు మా ఇన్‌ఛార్జి. "పూజ చేసి మూల పడేస్తే ఏం బాగుంటుందని కరెంటిచ్చాం."

"ఆ రోజు తుడిచాక వైర్లు మళ్లీ పెట్టిందెవరు?" అన్నాను.

"నేనే" అన్నాడు మిత్రుడు. "అట్టా చూడమాకరా. నువ్వు పులిహోర దగ్గర నుంచి లేస్తేగా. రెండు డబ్బాల్నీ ముక్కతో కలిపాక కొత్తదాంట్లో అన్నీ నిండిపోయినయ్, నీదొక్కటే మిగిలింది."

నేను నమ్మలేదు. గుంటూరు ఆయన మాత్రం కొత్త డబ్బాలోంచి ఎప్పుడో చెడిపోయిన ప్రింటర్ వైరు పీకి, ఆ చోట నాది పెట్టి, పాతదాని కరెంటు తీసేశాడు.

ఆ సాయంత్రం నా దగ్గర మంచి వార్త ఉంది. వేటపాలెం జీడిపప్పు యూనిట్లలో, తొక్కల జిడ్డుకి చేతులు కాలుతున్న ఆడవాళ్ల కథనం. ఫొటో ఇలా నొక్కితే అలా తెరుచుకుంది. ఈ రోజు మొదటి పేజీ నాదేననుకున్నాను. శీర్షిక దగ్గర ఆగాను. ఒకటి పెట్టి చెరిపాను. మరొకటి పెట్టాను. అదీ నచ్చలేదు.

పక్కన కుర్చీ కిర్రుమంది.

గ్రానైట్ లారీల దుమ్ముకి కిటికీలు మూసుకుని పాఠాలు చెబుతున్న బడి గురించి రాశాడతను. తప్పు దొరుకుతుందేమోనని చివరిదాకా చదివాను. తీసేయాల్సిన మాట ఒక్కటీ లేదు.

"ఇవాళ నెట్ బాగానే ఉందిగా?" అన్నారు ఇన్‌ఛార్జి నా వైపు చూసి.

"బాగుందండీ" అన్నాను.

అలమారాలో పాత డబ్బా లైట్లారిపోయి, బొట్టుతో అలాగే ఉంది. లేచి వెళ్లి నా వైరు మళ్లీ అందులోనే పెట్టేద్దామా అనిపించింది.