ట్రైలర్‌లో నిలబడి చూసిన లోర్నా

లోర్నా ట్వైట్ నోట్లోంచి "ఎందుకు?" అన్న మాట రాని రోజంటూ ఉండదు. మోంటానా గోధుమ పొలాల మధ్య అరవై రెండేళ్లు బతికింది. రేడియో మూగబోతే విప్పి చూస్తుంది. కోడి గుడ్డు పెట్టడం మానేస్తే దాని పక్కనే కూచుని చూస్తుంది.

"నీకు వేరే పనేం లేదుటే?" అంటాడు మొగుడు ఆర్లో.

"ఇదే నా పని," అంటుందావిడ.

అంతటి మనిషికీ తన గుర్రం టాన్సీ, పికప్పు బండి వెనక తగిలించి లాక్కెళ్లే ట్రైలర్ ఎందుకు ఎక్కదో మాత్రం అంతు పట్టలేదు. ఒకప్పుడు ఎక్కేది, ఇప్పుడు ఎక్కదంతే! తలుపు దగ్గరకి రాగానే నాలుగు కాళ్లూ పాతేసి నిలబడుతుంది. మొండిఘటమని ఊరంతా తేల్చేసింది, లోర్నా కూడా. ఇప్పుడేమో దాని కంటికి పుండు పడింది. ఈ వారంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లకపోతే కన్ను దక్కదని పశువుల డాక్టరు చెప్పేసి పోయాడు.

"అసలా డబ్బాలో ఏముందో నేనే చూస్తా," అని లోర్నా ట్రైలర్ ఎక్కి, గుర్రం నిలబడే చోట నిలబడింది. ఆర్లో పికప్పుని పచ్చికలో కాస్త దూరం నడిపి ఆపాడు. ఆపడమే తడవు, లోర్నా ఎగిరొచ్చి ముందున్న కడ్డీకి గుద్దుకుంది.

"ఒసేయ్, బతికే ఉన్నావా?"

"ఉన్నాలే! బ్రేకు తొక్కావా, గోడని గుద్దావా?"

"మెల్లిగానే తొక్కానే, నీ మీదొట్టు."

ఆర్లో అబద్ధం ఆడలేదు. పికప్పు బ్రేకు తొక్కితే వెనక ట్రైలర్ బ్రేకులు ఎంత పట్టాలో చెప్పే పెట్టె ఒకటి బండితోపాటే వచ్చింది. ఆ పాత ట్రైలర్‌కీ దానికీ ఎప్పుడూ పొసగలేదు. పెట్టెమీద బ్రేకు జోరు తగ్గిస్తే వాలులో ట్రైలర్ వెనకనుంచి తోసేది, పెంచితే మెడపట్టి లాగినట్టు ఆగేది. ముందు సీట్లో కూచున్నవాళ్లకి తెలిసేది కాదు. తెలిసిందల్లా వెనకున్న టాన్సీకే, పాపం.

"బండితో వచ్చిన పెట్టెని పీకేస్తావా? నిక్షేపంలాంటి బండి!" అని ఆర్లో గుండె బాదుకున్నాడు.

"నిక్షేపమో కాదో నువ్వెళ్లి వెనక నిలబడు, తెలుస్తుంది."

లోర్నా పక్కూరి దుకాణంనుంచి కొత్త పెట్టె తెచ్చి, స్టీరింగు కింద వెల్లకిలా దూరి, పాతదాని ప్లగ్గు పీకి కొత్తదాన్ని తగిలించింది. ఆర్లో వాకిట్లో నడిపి చూశాడు. చక్రాలు కంకరమీద జారుతుంటే పెట్టె జోరు బాగా తగ్గించి, "వెన్నలా ఆగుతోంది," అన్నాడు. అక్కడ అందరి వాకిళ్లూ కంకరే, అందరూ అక్కడే సరిచూసుకుని చేతులు దులిపేసుకుంటారు.

"ఆసుపత్రికి కంకరమీద పోతామా?" అని లోర్నా ఖాళీ ట్రైలర్‌ని తారురోడ్డు ఎక్కించింది. అనుకున్నంతా అయింది, కంకరకి సరిపోయిన జోరు తారుమీద చాలక, బ్రేకు వేస్తే ట్రైలర్ తోసుకొచ్చేసింది. కొంచెం కొంచెంగా పెట్టె జోరు పెంచుకుంటూ, రెండూ ఒక్కసారే నిమ్మళంగా ఆగేదాకా ఆవిడ ఇంటిముఖం పట్టలేదు.

టాన్సీ మాత్రం తలుపు దగ్గర ఎప్పట్లాగే బిగదీసుకుంది.

"బ్రేకు మార్చామని దానికెవరు చెప్తారే?" అన్నాడు ఆర్లో.

లోర్నా ఇంత గడ్డి తీసుకుని ట్రైలర్ లోపలికెళ్లి కూచుంది. పిలవలేదు, లాగలేదు. ఈవిడ ఇక్కడేం చేస్తోందా అని టాన్సీ మెడ చాపింది. ఒక కాలు పెట్టింది, తీసేసింది. పొద్దు వాలేవేళకి లోపలుంది.

"కదిలించు, పచ్చికలోనే," అని కేకేసి, లోర్నా ట్రైలర్లోనే, గుర్రానికి కట్టిన అడ్డగోడకి ఇవతల నిలబడింది. బండి నెమ్మదించిందో లేదో టాన్సీ కాళ్లు ఎడంగా బిగించి, కళ్లు పెద్దవి చేసి గజగజా వణికిపోయింది.

"అయ్యో తల్లీ, ఆగినప్పుడల్లా ఇలాగే కాచుకున్నావా? నిన్నా నేను మొండిదన్నాను!" లోర్నాకి ఏడుపొచ్చేసింది.

కుదుపు రాలేదు. మళ్లీ కదిలి మళ్లీ ఆగారు. టాన్సీ మళ్లీ బిగుసుకుంది, కుదుపు మళ్లీ రాలేదు. అలా పచ్చికంతా తిరిగారు. ఒకసారి ఆగాక ట్రైలర్లో అలికిడి లేదు.

"ఏమైందే? పడిపోయావా?" ఆర్లో తలుపు తీసుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ష్! గడ్డి తింటోందయ్యా," అంది లోర్నా. "వెళ్లు, వస్తున్నామని ఆసుపత్రికి ఫోను చెయ్యి."