గుండు కొట్టిన తోపు

ఆ రోజుల్లో మా వైపు పెళ్లికొడుకు నెత్తిన జుట్టు లేకపోయినా సర్దుకునేవారు గానీ, పొలంలో పచ్చదనం లేకపోతే పిల్లనిచ్చేవారు కాదు. తొంభైల చివర నాకు ఆ రెండూ ఒకేసారి కరువయ్యాయి. వానలు లేని ఊరని అప్పటికే వచ్చిన సంబంధాలు వెనక్కి పోయాయి. తరువాత తనకల్లు వైపు నుంచి ఒకటి వచ్చింది. ఆ అమ్మాయిని ఒకసారి చూశాను. ఇది తప్పిపోతే మాత్రం తట్టుకోలేననిపించింది.

మా ఆస్తల్లా గుట్ట వాలులో ఉన్న వేప, కానుగ తోపు. నాయన దాన్ని భాగాలు చేసి, ఏటా ఒక భాగాన్నే మొదలు దాకా కొట్టించేవాడు. చుట్టూ ముళ్లకంప వేసి, కొత్త చిగుళ్లు మేక మూతికి అందనంత ఎదిగేదాకా ఎవరినీ రానిచ్చేవాడు కాదు. (అమ్మ పుట్టింటి మేకల్ని కూడా తరిమేశాడు. ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.) ఆ ఏడు వంతు రోడ్డు పక్క భాగానిది. వచ్చేవాళ్లకు ముందు కనిపించేది అదే. "ఈ ఒక్కసారికి లోపలిది కొట్టించు నాయనా" అని బతిమాలాను. "నీ పెండ్లి కోసరం చెట్ల వరస తప్పిస్తామా?" అన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. సంబంధం కుదిరితే కొండకు వచ్చి నా తలనీలాలు ఇప్పిస్తానని మొక్కుకున్నవాడు, "ముందే ఇచ్చేస్తే దేవునికే మొగమాటం పుడతాది" అని నన్ను లాక్కుపోయి గుండు కొట్టించాడు.

ఆ వారంలోనే అమ్మాయి మేనమామ, ఆయన తల్లి మా పొలం చూడ్డానికి వచ్చారు.

"తోపు ఉండాదంటిరి. యాడప్పా?" అన్నాడు మేనమామ.

"నువ్వు నిలబడుకోనుండేది తోపులోనే అన్నా" అన్నాడు నాయన.

"ఈ మొద్దులా? చెట్లు కొట్టి అమ్ముకొని తింటాండే ఇంటికి పిల్లనెట్లా ఇచ్చేది?"

అదే అదునుగా గాలి నా తలమీది తువ్వాలును ఎగరేసుకుపోయింది. ఆయన మొద్దుల్ని చూశాడు, నా తలను చూశాడు.

"ఈ ఇంట్లో ఏదీ మిగిల్చినట్టు లేరే!"

ఆయన తల్లి, ఆ అవ్వ, గొర్రెల వెంట బతికిన మనిషి. ఒక మొద్దు పక్కన కూర్చుని ఎండుటాకులు తోసింది. కింద ఎర్రటి చిగుళ్లు. తలెత్తి చూస్తే లోపల నిరుడు కొట్టిన భాగం నడుమెత్తున, అంతకుముందు కొట్టింది మనిషిని మించి ఉన్నాయి.

"ఈడికి మేకలొస్తాయా?" అని అడిగింది.

"నా పెండ్లాం పుట్టింటివే రావు" అన్నాడు నాయన.

అవ్వ పకపకా నవ్వి కొడుకు వైపు తిరిగింది. "గుండు కొట్టిచ్చుకుంటే తల పోతాదేమిరా? ఏర్లు బాగుండాయి. రెండూ మొలుస్తాయిలే. మాటిచ్చెయ్."

నేను ఆ మొద్దు మీదే కూలబడి ఊపిరి పీల్చుకున్నాను.

పెళ్లయ్యాక ఏటా కొత్త భాగం కొట్టించినప్పుడల్లా మా ఆవిడ నా నెత్తి చూసి నవ్వేది. నాయన పోయాడు. నిరుడు ఆమె కూడా పోయింది. ఈ ఏడు రోడ్డు పక్క భాగానికి మళ్లీ వంతు వచ్చింది. కొట్టించి, కంప వేయించి, ఎదురుచూశాను. మొన్న చిగుళ్లు కనిపించాయి. గుండె తేలికపడి, అలవాటుగా నా బట్టతల తడుముకున్నాను. అవ్వ చెప్పిన రెండింట్లో తోపు ఒక్కటే మాట నిలబెట్టుకుంది. ఆ సంగతి చెప్పి నవ్వించడానికి మనిషి లేదు గానీ, నవ్వు మాత్రం వచ్చింది.