మేం రికార్డు చెయ్యని క్లారినెట్

దెయ్యాలంటే నాకు భయం లేదు, నవ్వొస్తుంది. తెనాలిలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. వీధిలో ఎవరికైనా ఏదో వినపడిందంటే పనిగట్టుకుని వెళ్ళి, అది కిటికీ రెక్క చప్పుడని చూపించి వచ్చేవాణ్ణి. మా ఆవిడ దాన్ని నా జబ్బు అనేది. అలాంటి నేను ఇది రాయడానికి చాలా ఏళ్ళు ఆలోచించాను.

ఎనభైల్లో మేం ముగ్గురం జాజ్ పిచ్చివాళ్ళం. తెనాలిలో జాజ్ ఏంటని మీరు కూడా నవ్వకండి, మా వీధివాళ్ళు నవ్వింది చాలు. ఒకరు రేపల్లెలో స్కూలు టీచరు దేవదానం మాస్టారు. ఇంకొకరు బాపట్లలో సంస్కృతం చెప్పే నరసింహాచార్యులు గారు. మూడోవాణ్ణి నేను. రేపల్లె రైలూ, బాపట్ల రైలూ రెండూ తెనాలికే వస్తాయి కాబట్టి మా సభ ఎప్పుడూ మా ఇంట్లోనే. ఆదివారం చర్చిలో ఆరాధన కాగానే మాస్టారు బయల్దేరేవారు. ఆచార్యులు గారు భోంచేసి, కాస్త కునుకు తీసి వచ్చేవారు.

దీపాలు పెట్టే వేళకి షార్ట్‌వేవ్‌లో ఒక విదేశీ స్టేషను జాజ్ వేసేది. రేడియో ముందు టేప్‌రికార్డరు పెట్టి దాన్ని క్యాసెట్‌కి ఎక్కించేవాళ్ళం. మధ్యలో వైరూ గియ్యరూ ఏమీ లేదు, దాని మైకే మాకు దిక్కు. అందుకని ఫ్యాను ఆపెయ్యాలి, కుర్చీ కిర్రుమనకూడదు. దగ్గొస్తే వీధి అరుగు మీదికి వెళ్ళి దగ్గి రావాలి. చప్పుడు చేసినవాళ్ళకి ఆ పూట కాఫీ లేదు. ఇంత చేసినా మా క్యాసెట్లలో రిక్షా బెల్లు, పక్కింటివాళ్ళ పోట్లాట, మా ఆవిడ పోపు పెట్టిన చప్పుడు అన్నీ ఉన్నాయి.

వాయించేవాళ్ళ పేర్లు మాకు తెలిసేవి కావు. సరిగ్గా పేరు చెప్పేటప్పుడే రేడియో గరగరమనేది. అందుకని పేర్లు మేమే పెట్టుకున్నాం. ఒక ట్రంపెట్ ఆయన కన్నీళ్ళాయన. ఒక శాక్సఫోన్ ఆయన తుఫాను. రెండు మెట్లు నొక్కి ఆగిపోయి, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు నొక్కే పియానో ఆయన నత్తాయన. ఎవరు గొప్ప అన్నదాని మీద మేం పడ్డ పోట్లాటలు వింటే బయటివాళ్ళు పొలం గట్టు తగాదా అనుకునేవారు.

ఆచార్యులు గారికి ఏదైనా నాదస్వరం తర్వాతే. మాస్టారికి క్లారినెట్. చిన్నప్పుడు చర్చి బ్యాండులో నేర్చుకున్నారు.

"మీటలు నొక్కే వాద్యానికి గమకం ఎక్కడిదండీ మాస్టారూ? స్వరానికీ స్వరానికీ మధ్య తెగిపోదూ?" అన్నారు ఒకసారి ఆచార్యులు గారు.

కొన్నాళ్ళకి మాస్టారు క్లారినెట్ సంచిలో పెట్టుకొచ్చి ఒక కీర్తన ఎత్తుకున్నారు. చరణం చివరి స్వరాన్ని వేళ్ళతో కొద్దికొద్దిగా వదులుతూ, కింది నుంచి పైకి జార్చి, అక్కడ ఊగించి వదిలారు. ఆచార్యులు గారు లేచి నిలబడ్డారు.

"గమకమే. ఒప్పుకున్నాను. కానీ మధ్యలో ఆ బుస ఏంటండీ?"

"మీట కింద తోలు పోయిందండి. సైకిల్ ట్యూబు ముక్క అంటించా," అన్నారు మాస్టారు సిగ్గుపడుతూ. ఆ ఒక్క స్వరం మాత్రం గాలి బుసతో వచ్చేది.

రికార్డు చేస్తానంటే మాత్రం ఒప్పుకునేవారు కాదు. "వాళ్ళ పక్కన నాదేంటి సార్, బాగోదు," అనేవారు. ఎంత బతిమాలినా అదే మాట. ఆయన వాయించింది ఒక్క ముక్క కూడా మా దగ్గర లేదు. ఈ సంగతి ముఖ్యం కాబట్టి చెబుతున్నాను.

తర్వాత ఆయనకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఊదే పని కట్టిపెట్టమన్నారు డాక్టరు. మాస్టారి భార్య మార్తమ్మ గారు నర్సు. ఆ మాటకి అర్థమేంటో ఆవిడకి బాగా తెలుసు. క్లారినెట్‌ని ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకున్నారు. ఆ తర్వాత కూడా మాస్టారు వచ్చేవారు. పాట నడుస్తుంటే ఆయన వేళ్ళు మోకాలి మీద కదులుతూ ఉండేవి. దగ్గు తెర వస్తే అరుగు మీదికి వెళ్ళేవారు. రానురాను పాట వినే సేపటికంటే అరుగు మీద ఉండే సేపే ఎక్కువైంది.

వానాకాలంలో పోయారు. సమాధుల తోటలో అందరూ వెళ్ళిపోయాక మార్తమ్మ గారు నా దగ్గరికొచ్చారు.

"పోయే ముందు రెండుసార్లు అడిగారన్నయ్యగారూ, ఒక్కసారి ఇవ్వవా మార్తా అని. నేనివ్వలేదు. ఇచ్చినా ఇవ్వకపోయినా పోయేవారేగా. ఆ మాత్రం తెలియదా నాకు?"

మీరు చేసింది సరైనదేనమ్మా అన్నాను. ఆవిడ వినలేదు. ఆ తర్వాత ఎప్పుడు కలిసినా కాసేపటికి అదే మాట. ఆవిడ మనసులో అది ముల్లులా ఉండిపోయింది.

మాస్టారు పోయిన తర్వాతి ఆదివారం ఆచార్యులు గారు అలవాటు కొద్దీ వచ్చేశారు. ఏం చెయ్యాలో తోచక రేడియో పెట్టాం. కొత్త క్యాసెట్ మీది కాగితం చింపి టేప్‌రికార్డర్‌లో వేశాను. కన్నీళ్ళాయన కచేరీ. జనం ముందు వాయించింది, మధ్యలో చప్పట్లు కూడా ఉన్నాయి. ఇద్దరం కదలకుండా విన్నాం. ట్రంపెట్, పియానో, డ్రమ్ములు. అంతే విన్నాం.

కొన్ని వారాలకి ఆ క్యాసెట్ మళ్ళీ పెట్టాను. ట్రంపెట్ ఆగి పియానో అందుకునే చోట, వెనకాల సన్నగా క్లారినెట్ మొదలైంది. ముందు బాగుందనుకున్నాను. తర్వాత ఒక స్వరం బుసతో వచ్చింది. నా చేతిలో కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను. ఆ వరస చివరి స్వరం కింది నుంచి పైకి జారి, ఊగి, ఆగింది.

ఆచార్యులు గారికి ఏమీ చెప్పకుండా వినిపించాను. ఆయన వింటూ వింటూ లేచి నిలబడ్డారు. కళ్ళనిండా నీళ్ళు.

నేను ఊరుకునే రకం కాదు. పాత రికార్డింగు కిందనించి వినపడుతోందా? క్యాసెట్ కొత్తది, పైగా ఆయన్ని మేం ఎప్పుడూ రికార్డు చెయ్యలేదు. వీధిలో ఎవరైనా బ్యాండువాళ్ళు వాయించారా? అయితే గదిలో ఉన్న మా ఇద్దరికీ వినపడాలి కదా. వేరే స్టేషను కలిసిందా? కలిస్తే పాట మధ్యలో శ్రుతి తప్పకుండా, తాళం తప్పకుండా ఎలా కలుస్తుంది? చివరికి మిగిలింది ఒక్కటే. అసలు కచేరీలోనే క్లారినెట్ ఉంది, ఆ రోజు దుఃఖంలో మేం గమనించలేదు. నాకు ఇదే సబబనిపించింది.

"మార్తమ్మ గారికి వినిపిద్దామండీ," అన్నారు ఆచార్యులు గారు.

వద్దన్నాను. ఎవరో అమెరికావాడు వాయించిందాన్ని మీ ఆయనదేనని ఆవిడకి వినిపించి, తర్వాత కాదని తేలితే? అంతకన్నా పాపం ఉంటుందా? ఈ విషయంలో మా ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. నేను నా పట్టు వదల్లేదు. క్యాసెట్ బీరువాలో పెట్టేశాను.

తొంభైలు వచ్చాయి. ఒకసారి మద్రాసు వెళ్ళినప్పుడు ఒక క్యాసెట్ల షాపులో, అట్ట మీద ట్రంపెట్ పట్టుకున్నాయన బొమ్మ ఉన్న కంపెనీ క్యాసెట్ కనపడింది. షాపులో పెట్టించుకుని విన్నాను. అదే కచేరీ. అదే చోట చప్పట్లు, ఒకచోట జనంలో ఎవరిదో గ్లాసు పగిలితే అదే చప్పుడు. కొని తెచ్చి, ఆచార్యులు గారిని పిలిచి, రెండు క్యాసెట్లూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టాం.

కంపెనీదాంట్లో బొంయ్ బొంయ్‌మని ఒక పెద్ద తీగల వాద్యం మొదటినించీ చివరిదాకా మోగుతోంది. మా చిన్న రేడియోకి అంత లోతు శబ్దం పలికే శక్తి లేక, అలాంటిది ఒకటుందనే మాకు ఇన్నేళ్ళూ తెలియదు. ట్రంపెట్ ఆగే చోటు వచ్చింది. పియానో అందుకుంది. దాని వెనకాల ఏమీ లేదు. మాకు వినపడనిది అందులో ఉంది. మాకు వినపడింది అందులో లేదు.

మరుసటి ఆదివారం మేం రికార్డు చేసిన క్యాసెట్టూ, టేప్‌రికార్డరూ పట్టుకుని ఇద్దరం రేపల్లె రైలెక్కాం. దారిపొడుగునా నేను మాటలు కూడబలుక్కుంటూనే ఉన్నాను. ఇదేంటో నాకు తెలియదని ముందే చెప్పాలి, ఆశ పెట్టకూడదు అనుకున్నాను. మార్తమ్మ గారు అప్పుడే చర్చి నుంచి వచ్చి ఉన్నారు. గదిలో మంచం కింద ఆ ట్రంకు పెట్టె అలాగే ఉంది, తాళంతో.

"మాస్టారు పోయాక రికార్డు చేసిందమ్మా. వినండి. ఆ తర్వాత మాట్లాడుకుందాం," అన్నాను.

క్లారినెట్ మొదలవ్వగానే ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎవరిదని మమ్మల్ని అడగలేదు. బుస వినపడినప్పుడు కూడా ఉలిక్కిపడలేదు. నర్సుగా ఇన్నేళ్ళు రోగుల ఊపిరి విన్న మనిషి ఆవిడ. ఆ వాయింపులో మేం ఇద్దరం పట్టుకోనిది ఆవిడ పట్టుకున్నారు. ఒకే ఊపిరిలో వరస పొడుగ్గా సాగుతోంది, ఇంకా సాగుతోంది. ఎక్కడా తెగడం లేదు.

"ఆయాసం లేదు," అన్నారు. మళ్ళీ, "చూడండన్నయ్యగారూ, ఎక్కడా ఆగట్లేదు. అసలు దగ్గే లేదు."

అప్పుడు ఏడ్చారు. ఆయన పోయినప్పుడు కూడా నేను ఆవిడని అలా ఏడవగా చూడలేదు. కాసేపటికి ముఖం తుడుచుకుని, నవ్వుతూ అన్నారు.

"అయితే నేను తాళం వేసినా ఆయన ఆగలేదన్నమాట."

నేను రైల్లో కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ పనికి రాలేదు. అది ఎలా వచ్చిందని ఆవిడ ఆ రోజూ అడగలేదు, తర్వాతా అడగలేదు. అడిగి ఉంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇప్పటికీ లేదు.