వెనకాల నిలబడ్డ మేనత్త

2023 వేసవి. ఏలూరు ఆర్.ఆర్.పేటలో మా పార్లర్. పెళ్ళిళ్ళ కాలం వస్తే మాకు ఊపిరి సలపదు. అందరికీ కుదిరే మంచి ముహూర్తం ఒక్కటే కాబట్టి, చుట్టుపక్కల పెళ్ళికూతుళ్ళందరూ ఒకే రోజు, ఒకే వేళకి అద్దం ముందు కూర్చుంటారు.

పెళ్ళికూతురి మేకప్‌లో అసలు పని బేస్. అంటే మొహానికీ మెడకీ మొదట వేసే రంగు పూత. అది పిల్ల ఒంటి రంగులో కలిసిపోవాలి. దవడ దగ్గర చిన్న గీత పెట్టి, వెలుతుర్లో చూసి తేల్చుకుంటాం. దీన్నే షేడ్ మ్యాచింగ్ అంటాం. చెప్పడానికి ఇంతే. కానీ ప్రతి పెళ్ళికూతురి కుర్చీ వెనకాలా ఒక మేనత్త నిలబడి ఉంటుంది. మేనత్త లేకపోతే పెద్దమ్మ. "ఏవండీ, ఇంకొంచెం తెల్లగా వెయ్యండి" అంటుంది. పిల్ల రంగు కంటే రెండు మెట్లు పైకి వెళితే వచ్చేది తెలుపు కాదు, బూడిద. ఆ మాట ఆవిడకి చెప్పి గెలిచినవాళ్ళని అప్పటికి నేను చూడలేదు.

ఇక మాలో మా సంగతి. తాడేపల్లిగూడెంలో లలితగారని నాకంటే సీనియర్ ఆర్టిస్ట్ ఉన్నారు. నాతో మాట్లాడుకున్న పెళ్ళికూతురు ఒకసారి ఆవిడ దగ్గరికి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ మేమిద్దరం ఉప్పూ నిప్పూ. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆవిడ పెట్టే రీల్స్ ఒక్కటీ వదలకుండా చూసేదాన్ని, లైక్ మాత్రం కొట్టేదాన్ని కాదు. పొరపాటున వేలు తగిలితే గబుక్కున తీసేసేదాన్ని. ఆవిడా అంతేనని నాకు గట్టి నమ్మకం.

ఆ మే నెలలో ఉంగుటూరు నుంచి కరుణ అనే కొత్త ఆర్టిస్ట్ పెట్టిన పోస్టు కనపడింది. మేకప్ బాక్స్, రింగ్ లైట్ అమ్మబడును. రింగ్ లైటంటే కెమెరా ముందు పెట్టుకునే గుండ్రటి దీపం. మాది అప్పుడే పాడైంది. చవగ్గా వస్తుందేమోనని ఆశపడి ఫోన్ చేశాను.

"ఎందుకమ్మా అమ్మేస్తున్నావు?"

"పెదపాడు పెళ్ళి వీడియో చూడలేదాండీ?"

చూడలేదు. తను పంపితే చూశాను. పెళ్ళికూతురి మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది, చేతులు మామూలుగా ఉన్నాయి. బంధువులెవరో కరుణ పేజీని ట్యాగ్ చేసి మరీ పెట్టారు. కింద కామెంట్లు. "పిండిమిల్లులో పడిందా?" అని ఒకడు. "ఈ మేకప్ చేసినావిడకి కళ్ళు కనపడవా?" అని ఇంకొకరు.

"షేడ్ పెట్టి చూపించానక్కా. వాళ్ళ మేనత్తగారు ఒప్పుకోలేదండి. తుడిపించి మళ్ళీ వేయించారు. మళ్ళీ తుడిపించారు. ముహూర్తం ముంచుకొచ్చేసింది. ఏం చెయ్యనండి? జూన్‌కి మాట్లాడుకున్నవాళ్ళు ఇద్దరూ వద్దన్నారండి. మా అమ్మ కుట్టుమిషన్ దగ్గర కూర్చోమంటోంది. ఇంక నా పని అయిపోయిందండి."

రింగ్ లైట్ ఊసు మర్చిపోయాను. ఆ వీడియో మళ్ళీ పెట్టుకుని చూశాను. అంత ఉక్కపోతలోనూ కళ్ళకి గీసిన ఐలైనర్ చెదరలేదు. పూలజడ ఒక్క పక్కకీ ఒరగలేదు. ఇంత పనితనం ఉన్న పిల్ల చేసిన పనిని ఎవరో పక్కన నిలబడి చెడగొడితే, నింద మాత్రం ఈ పిల్లకా? నాకు ఒళ్ళు మండింది.

అయినా ఆ వీడియో కింద రాయడానికి వెనకాడాను. మాకు పెళ్ళి బేరాలు తెచ్చేది ఆ మేనత్తలే. వాళ్ళ మీద రాస్తే నా పొట్ట నేను కొట్టుకున్నట్టే. చివరికి రాసేశాను. "ఈ కళ్ళు చూడండి, ఈ జడ చూడండి. ఇది చేతనైన మనిషి పని. మొహానికి రంగు ఎంచింది ఆర్టిస్ట్ కాదు, వెనకాల నిలబడ్డవాళ్ళు. మా వృత్తిలో ఉన్న ఎవరినైనా అడగండి."

కాసేపటికి కింద జవాబొచ్చింది. లలితగారు! "నిజం. నాకూ ప్రతి పెళ్ళిలో ఇదే పోరు. కరుణా, ఆ జడ అలా ఎలా నిలిపావమ్మా? నాకూ నేర్పు." అది చదివి నిజంగా కళ్ళనీళ్ళు వచ్చాయి. తర్వాత భీమవరం, కైకలూరు ఆర్టిస్టులు ఒక్కొక్కరే అందుకున్నారు. పెళ్ళివాళ్ళకే సిగ్గేసిందో ఏమో, ఆ వీడియో తీసేశారు. మేం మాత్రం ఊరుకోలేదు. ఒకే చేతి మీద రెండు గీతలు పెట్టి రీల్స్ చేశాం. ఒకటి పిల్ల షేడ్, రెండోది మేనత్త షేడ్. ఎవరు చేసినా మిగతావాళ్ళని ట్యాగ్ చెయ్యాలని లలితగారు కట్టడి పెట్టారు.

అవి చూసి మండవల్లి నుంచి శ్రావణి అనే అమ్మాయి ఫోన్ చేసింది. చేపల చెరువులవాళ్ళ పిల్ల. "నాది చామనఛాయండి. నా పెళ్ళి ఫొటోల్లో నేనే ఉండాలండి" అంది. ఆ ముహూర్తానికి నాకు ఏలూరులో పెళ్ళి ఉంది, లలితగారికి తాడేపల్లిగూడెంలో ఉంది. కరుణ పేరు చెప్పాను.

"ఆ వీడియో ఆవిడేనాండీ? సరే, మేకప్ అయ్యేదాకా మీరు వీడియో కాల్‌లో ఉంటారా మరి?"

లలితగారితో కూడా మాట్లాడి, ఇద్దరం ఉంటామన్నాం. కరుణ పెట్టెలో చామనఛాయకి సరిపడే షేడే లేదు. మేనత్తలు వెయ్యనివ్వని రంగు ఎవరు కొంటారు? గూడెం వెళ్ళి లలితగారి దగ్గర తెచ్చుకుంది. ఊరికే ఇవ్వలేదు, కూర్చోబెట్టి జడ నేర్పించుకున్నారట.

పెళ్ళిరోజు ఉదయం నా చేతుల్లో ఏలూరు పెళ్ళికూతురి జడ, అద్దానికి ఆనించిన ఫోన్లో వీడియో కాల్, ఒక గడిలో కరుణ, పక్క గడిలో లలితగారు. బేస్ మొదలవగానే అనుకున్నదే అయింది. శ్రావణి వెనకాల మేనత్త వచ్చి నిలబడింది.

"ఏవమ్మా, ఇంకొంచెం తెల్లగా వెయ్యి. ఫొటోల్లో కనపడొద్దూ?"

కరుణ చెయ్యి ఆగిపోయింది. నేను నోరు తెరవబోయాను. "ఆగండి" అన్నారు లలితగారు మెల్లగా. కరుణ ఒకసారి ఫోన్ వంక చూసింది. తర్వాత మేనత్త వైపు తిరిగింది.

"అత్తయ్యగారూ, మీ చెయ్యి ఇలా ఇవ్వండి."

ఆవిడ చేతి మీదే రెండు గీతలు, ఒకటి తెలుపుది, ఇంకోటి ఆవిడ ఒంటి రంగుది పెట్టి, గుమ్మంలోకి, ఎండ వెలుతుర్లోకి తీసుకెళ్ళింది. ఫోన్లో మాకు మాటలే వినపడ్డాయి.

"ఇదేంటమ్మా, బూడిద పూసినట్టుందీ?"

"మీరు అడిగిన తెలుపు ఇదేనండి."

"అయితే దాని రంగు దానికి ఉంచు" అంది ఆవిడ. వెంటనే గొంతు తగ్గించి, "అయ్యాక నాక్కూడా నా రంగుదే వెయ్యమ్మా" అంది.

లలితగారూ నేనూ ఎన్నాళ్ళకో కలిసి నవ్వుకున్నాం. ఆ సాయంత్రం కరుణ మా ఇద్దరినీ ట్యాగ్ చేసి శ్రావణి ఫొటో పెట్టింది. లైక్ కొట్టాను, తీసెయ్యలేదు. రింగ్ లైట్ మాటేంటని సరదాకి అడిగితే, "అమ్మనక్కా" అంది.

ఈ వృత్తిలో ఇన్నేళ్ళూ పెళ్ళికూతురి వెనకాల నిలబడేవాళ్ళనే లెక్కలోకి తీసుకున్నాను. బ్రష్ పట్టుకున్న మనిషి వెనకాల కూడా ఒకరు నిలబడాలని కరుణ వల్ల తెలిసింది. ఇప్పుడు పెద్ద పెళ్ళికి వెళ్ళినప్పుడల్లా నా ఫోన్ అద్దానికి ఆనించే ఉంటుంది.