బండి నోరు చూసే డాక్టరుగారు

వాన పడిందంటే చాలు, పళ్ల డాక్టరుగారు బళ్ల నోళ్లు చూడటం మొదలుపెడతారు. ప్రాక్టీసు మానేసి చాలాకాలమైనా చిన్న అద్దం, టార్చిలైటు, పొడిగుడ్డ ఆయన జేబు వదల్లేదు. ఆయన ఉండే భవనంలో కరెంటు బండి ఉన్నవాళ్లెవరూ వానాకాలంలో ఆయన పరీక్ష కాకుండా ఛార్జింగు పెట్టినవాళ్లు కారు. ఛార్జింగు పెట్టే చోట మూత తీయించి, అద్దం బయటే పట్టుకుని, టార్చి వేసి లోపలికి తొంగిచూస్తారు. "ఊఁ, తడి ఉంది. ఆరనివ్వాలి" అంటారు. అంచులు తుడుస్తారు. తర్వాత ప్లగ్గు చూస్తారు. ఆఖరికి బండి తెచ్చిన మనిషి అరచేతులు కూడా చూస్తారు.

"నొప్పేమైనా ఉందేమో అడగండి డాక్టరుగారూ" అన్నాడు ఓసారి పై అంతస్తు బ్యాంకు ఉద్యోగి, తన స్కూటరు నిమురుతూ.

"నొప్పి దానికి రాదు, నీకొస్తుంది. చేతులు తుడుచుకుని రా" అన్నారాయన నవ్వకుండా.

అందరూ నవ్వుకుని సరిపెట్టుకునేవారు. వెనకగదిలో అద్దెకుండే ఆటో అమ్మాయికి మాత్రం ఒళ్లు మండేది. ఆమెకు కూడూ గుడ్డా అన్నీ ఆ కరెంటు ఆటోయే. గది కిటికీలోంచి వైరు లాగి, అది చాలక దానికి మరో ముక్క అతికించి, పెరట్లో ఆరుబయట నిలిపిన ఆటోకి ఛార్జింగు పెట్టుకునేది.

ఒకనాడు తెల్లారేసరికి ముసురు పట్టింది. బడిపిల్లల్ని దించే వేళకు ఆమె హడావిడిగా బయటికొస్తే ఆటోకి సగం ఛార్జింగు కూడా ఎక్కలేదు. ప్లగ్గు పీకేసి ఉంది. డాక్టరుగారు గొడుగు పట్టుకుని మెట్ల దగ్గరే నిలబడి ఉన్నారు, చేసిన పని దాచే ఉద్దేశమేమీ లేనట్టు.

"ఎవరండీ పీకింది?"

"నేనే. మీటరు దగ్గర నీ గదికి కరెంటు ఆపేసి, ఆ తర్వాత పీకాను."

"నోటి దగ్గర కూడు లాగేశారు కదండీ. పిల్లల్ని ఇప్పుడెవరు దింపుతారు? మీకు బళ్ల మీదున్న ప్రేమ మనుషుల మీద లేదు."

ఆయన ఆమె పాదాలకేసి చూశారు. "చెప్పులు లేకుండానే వచ్చావా?" అని అడిగి, తల అడ్డంగా ఊపుకుంటూ పైకి వెళ్లిపోయారు. ఆమె పటపటా పళ్లు నూరింది. ఆయన వెనక్కి తిరిగి ఉంటే దానికీ ఏదో సలహా చెప్పేవారే.

ఆ పూట తల్లిదండ్రులందరికీ ఫోన్లు చేసి, మాట పడి, బతిమాలుకోవలసివచ్చింది. ఆ తర్వాత ఆయన కనిపిస్తే ముఖం తిప్పుకునేది.

కొన్నాళ్లకు డాక్టరుగారి కారు సర్వీసుకు వెళ్లింది. దాన్ని తెచ్చుకోవడానికి ఆమె ఆటోయే దిక్కయింది. దారిలో వాన అందుకుంది. రైలు వంతెన కింద పల్లంలో నీళ్లు చేరాయి.

"ఆపమ్మాయ్."

"రోజూ పోయే దారే డాక్టరుగారూ."

"రోజూ ఈ నీళ్లుండవుగా."

ఆయన దిగారు. ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, పన్ను కదుపుతున్నంత జాగ్రత్తగా గొడుగు ముడిచి, అంచున నిలబడి నీళ్లలోకి దించారు. వెనక బళ్లు ఒకటే హారన్లు. గొడుగు పిడిదాకా మునిగింది. ఈలోగా ఓ కారు ఆయన్ని నిలువునా తడిపేసి ముందుకు దూకింది. నడిమధ్యకు వెళ్లి ఆగిపోయింది. అందులోని మనిషి నడుములోతు నీళ్లలో తడుముకుంటూ బయటపడ్డాడు.

హారన్లు ఆగిపోయాయి. ఆమె ఆటో వెనక్కి తిప్పింది. చుట్టుదారిలో నెమ్మదిగా పోనిస్తూ అడిగింది.

"ఆ రోజు ఎందుకు పీకేశారండీ?"

"నీ వైరుకి టేపు చుట్టావే, ఆ అతుకు నీళ్లగుంటలో పడుంది. నువ్వేమో ఉత్తకాళ్లతో పరిగెత్తుకొస్తావు."

"అప్పుడే చెప్పొచ్చు కదండీ."

"చెబితే గుండె జారిపోతుంది. రోజంతా బండి నడపాల్సినదానివి. తిట్టుకుంటే పోయేదేముంది, తిట్టుకున్నావు. ఆ అతుకు మళ్లీ తడవకుండా అప్పట్నుంచీ నేనే చూస్తున్నాను."

సర్వీసు నుంచి కారు తీసుకుని ఆయనా, ఆటోలో ఆమే ఇంటికి చేరేసరికి డాక్టరుగారి కారు నిలిపే షెడ్డులో ఎలక్ట్రీషియన్ పని ముగిస్తున్నాడు. గోడకి కొత్త సాకెట్టు బిగించాడు, ఎర్త్ వేశాడు, తేడా వస్తే దానంతటదే కరెంటు ఆగిపోయే స్విచ్చు పెట్టాడు. డాక్టరుగారు తన కారు తెచ్చి ఆరుబయట వానలో నిలబెట్టారు.

"నీ ఆటో లోపల పెట్టు. ఇంటివాళ్లతో మాట్లాడాను. ఆ అతుకుల వైరు మాత్రం అవతల పారెయ్."

"మరి మీ కారు తడుస్తుందండీ."

"తడవనీ. దానికి జలుబు చేయదు. వానకి తట్టుకునేట్టే చేశారు దాన్ని. ఛార్జింగు బజారులో ఉన్న స్టేషనులో పెట్టుకుంటాను."

ఆమె ఆయన్ని కొత్తగా చూసింది. "మరి ఇన్నాళ్లూ అందరి బళ్లూ ఎందుకలా పరీక్ష చేశారు?"

"బండి చూస్తానంటే నవ్వుతూ నిలబడతారు. 'నీ చేతులు చూపించు, నీ కాళ్లు చూపించు' అంటే ఎవరు నిలబడతారమ్మా?"

సాయంత్రం వాన ఇంకా పెరిగింది. షెడ్డులో ఆటోకి పొడిగా, నిశ్చింతగా ఛార్జింగు ఎక్కుతోంది. ఆమె రెండు గ్లాసుల్లో టీ పోసుకుని డాక్టరుగారి తలుపు తట్టింది. ఆయన గ్లాసందుకుని అనుమానంగా వాసన చూశారు.

"చక్కెర వేశావా?"

"దండిగా వేశానండీ."

"పళ్లు పుచ్చిపోతాయి" అని, చుక్క మిగల్చకుండా తాగేశారు.