ఒంటెలు చూసే పని

సిస్టరమ్మ పోయిందన్న కబురు వచ్చేసరికి నేను ఆమె కారులోనే కూర్చుని ఉన్నాను. ఇంజను నడుస్తోంది. ప్రతి శుక్రవారం పొద్దున పది నిమిషాలు నడపాలని ఆమె చెప్పి వెళ్లింది. ఏడో నిమిషం అవుతుండగా మా కోడలు చెప్పుల్లేకుండా కిందికి పరుగెత్తుకొచ్చింది. పాలకొల్లు నుంచి సిస్టరమ్మ తమ్ముడు ఫోన్ చేశాడట. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలో అలాగే ఒరిగిపోయిందట.

నాకు వెంటనే ఏడుపు రాలేదు. కోడలిని పక్క సీట్లో కూర్చోమన్నాను. మిగిలిన మూడు నిమిషాలూ అయ్యాకే తాళంచెవి వెనక్కి తిప్పాను. పని మధ్యలో వదిలేస్తే ఆమెకు నచ్చేది కాదు.

ఆమె ఎవరో మీకు చెప్పాలి. రియాద్‌లో మాది నాలుగో అంతస్తు. మా ఎదురు ఫ్లాటు ఆమెది. ముప్పై ఏళ్లు ఇక్కడ నర్సుగా చేసింది. పెళ్లి చేసుకోలేదు. నాకన్నా పదేళ్లు చిన్నది. నేను సిస్టరమ్మా అనేదాన్ని, ఆమె నన్ను పిన్నిగారూ అనేది. ఉద్యోగంలో చాలా ఏళ్లు ఈ దేశాన్ని ఆమె హాస్పిటల్ బస్సు కర్టెన్ సందులోంచే చూసింది. హాస్టల్ నుంచి డ్యూటీకి, డ్యూటీ నుంచి హాస్టల్‌కి. ఆడవాళ్లు బండి నడపొచ్చని ఇక్కడ ఒప్పుకున్నాక, యాభై దాటిన వయసులో డ్రైవింగ్ స్కూల్లో చేరింది. మొదటి పరీక్ష తప్పింది. రెండోదీ తప్పింది. మూడోసారి లైసెన్సు చేతపట్టుకుని మా తలుపు కొట్టి, "పిన్నిగారూ, స్వీటు పెట్టండి, నాకు కాళ్లు వచ్చాయి" అంది.

ఇక నా సంగతి. నిజామాబాద్ పక్క పల్లె నాది. నాలుగో తరగతి దాటలేదు. మొగుడు పోయాక కొడుకు దగ్గరికి వచ్చి ఏడేళ్లయింది. గ్యాస్ కట్టేశానా లేదా అని మూడుసార్లు లేచి చూస్తాను. లిఫ్టు ఎక్కితే అది ఆగిపోతుందని, మెట్లెక్కితే మోకాలు పట్టేస్తుందని భయం. మా కొడుకు నవ్వుతాడు: "మా అమ్మ భయంల పీహెచ్‌డీ చేసింది." నవ్వితే నవ్వాడు గాని, ఆ భయం ఎంత బరువో మోసేవాళ్లకే తెలుస్తుంది. దాన్ని బరువుగా కాకుండా ఇంకో రకంగా చూసిన మనిషి నా బతుకులో సిస్టరమ్మ ఒక్కతే.

మూడేళ్ల కింద ఆమె రెండు నెలల సెలవు పెట్టి అమెరికాలో చెల్లెలి దగ్గరికి వెళ్లింది. తిరిగొచ్చిన రోజు సూట్‌కేసు కూడా విప్పకుండా మా ఇంట్లో కింద కూర్చుని చాయ్ తాగుతూ మొదలుపెట్టింది.

"అమెరికాలో జనం మళ్లీ రోడ్డు పట్టారండీ పిన్నిగారూ."

"మళ్ల అంటే? నడుమల ఏమైంది?"

"ఒకప్పుడు అందరూ కార్లలోనే తిరిగేవారట. తరవాత విమానాలకి మరిగారు. ఇప్పుడు ఎయిర్‌పోర్టులో లైన్లు కట్టి, బెల్టులు విప్పి, చెప్పులు విప్పి విసుగొచ్చేసింది. ఈ కొస సముద్రం నుంచి ఆ కొస సముద్రం దాకా కార్లోనే పోతున్నారు. దారిలో మూతబడ్డ హోటళ్లకి రంగులేసి మళ్లీ తెరిచారు. మేమూ పోయాం. పంతొమ్మిది రోజులు!"

పెద్ద లోయలు చూసింది, మంచు కొండలు చూసింది. వాటి ఫోటోలు చూపించి ఊరుకుంది. చెప్పిందే చెప్పింది మాత్రం ఒక చిన్న ఊరి గురించి. ఒకటే వీధి, ఒక పాత పెట్రోలు బంకు, దాని ముందు చెక్క బెంచీ. వాళ్లకు అక్కడ పనేమీ లేదు. అయినా ఆగారు.

"అరగంట కూర్చున్నానండీ ఆ బెంచీ మీద. ఎవరూ ఆగమనలేదు, ఎవరూ పదమనలేదు. నా సర్వీసు మొత్తంలో అలాంటి అరగంట లేదు. బస్సు హారన్ కొడితే లేవడం, డ్యూటీ బెల్లు కొడితే లేవడం. అదేనండీ జనానికి కావాల్సింది. చోటు కాదు, ఎక్కడ ఆగాలో తామే చెప్పుకోవడం." కాస్త ఆగి, "ఇక్కడ మాత్రం రోడ్లు లేవా? పడమట కొండల మీది తాయిఫ్ ఊరికి పోదాం రండి" అంది.

"ఒంటె అడ్డమొస్తెనో?" అన్నాను.

ఆమె నవ్వలేదు. సంచిలోంచి కాగితం, పెన్ను తీసి నా ముందు పెట్టింది. "మీ భయాలన్నీ రాయండి. ఒక్కటీ దాచొద్దు."

నా రాత పెద్ద పెద్ద అక్షరాల రాత. ఒంటెలు. టైరు పగులుడు. నీళ్లు అయిపోవుడు. పెట్రోలు. నిద్ర. ఇసుక గాలి. ఫోన్ల సిగ్నల్ లేకపోవుడు. కోడలికి వాంతులు. ఇంట్ల కొడుకు ఏం తింటడు. ఇంకో రెండు కలిపి మొత్తం పదకొండు అయ్యాయి. ఆమె ఆ కాగితాన్ని, వార్డులో పేషెంటు కాగితం చదివినట్టు, వేలు పెట్టి చదివింది. ఒక్కోదాని పక్కన మందు రాసింది. నీళ్లు: రెండు డబ్బాలు. పెట్రోలు: సగానికి దిగితే నింపడం. నిద్ర: రెండు గంటలకోసారి ఆగడం. ఒంటెల దగ్గర మాత్రం మందు రాయలేదు. 'చూసేది: పిన్నిగారు' అని రాసింది.

"నాకెందుకు బిడ్డా ఆ పని? నేను కండ్లు మూసుకుని ఎనక కూసుంట."

"వద్దండీ. భయాన్ని వెనక సీట్లో కూర్చోబెడితే అరుస్తుంది. ముందు సీట్లో కూర్చోబెడితే దారి చూస్తుంది. మీరు ముందే కూర్చోవాలి."

అలా బయలుదేరాం. ఆమె బండి, ఆమె నడపడం, పక్కన నేను, వెనక కోడలు. కొడుకుకు సైటులో పని ఉంది. పొద్దున్నే రియాద్ దాటి పడమటికి తిరిగితే సూర్యుడు మా వీపు మీద ఉన్నాడు. మా కారు నీడ రోడ్డు మీద పొడుగ్గా సాగి మాకన్నా ముందు పోతోంది. "చూశారా, మన నీడ ముందే పోయి రోడ్డు చూసి వస్తోంది. ఇంకేం భయం?" అంది సిస్టరమ్మ.

నేను నా పనిలో ఉన్నాను. "ఒంటె!" అని అరిచాను. ఆమె మెల్లగా బ్రేకు తొక్కింది. అది ఒంటె బొమ్మ ఉన్న బోర్డు. ఇంకాసేపటికి మళ్లీ "ఒంటె!" అన్నాను. మళ్లీ బోర్డే. అలా అయిదుసార్లు అయింది. కోడలు వెనక నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "అత్తమ్మా, అది గీసిన ఒంటె. అది రోడ్డు దాటదు." నాకు సిగ్గేసి, ఇక నోరు తెరవనన్నాను.

"మీ కోడలి మాట పట్టించుకోకండి. చెప్పండి మీరు," అంది సిస్టరమ్మ. "బోర్డు చూసినా కాలు బ్రేకు మీదికి పోవాల్సిందే. అది పెట్టిందే అందుకు."

ఆరోసారి అరిచినప్పుడు కంచె తెగిన చోట నిజం ఒంటె నిలబడి ఉంది. దాని వెనక పిల్ల. అప్పటికే బండి నెమ్మదిగా ఉంది కాబట్టి ఆగాం. తల్లి మమ్మల్ని ఒక చూపు చూసి, తీరిగ్గా దాటింది. పిల్ల దాని వెనకే ఎగురుకుంటూ పోయింది. కారులో ఎవరూ నవ్వలేదు. సిస్టరమ్మ నా వైపు తిరిగి, "డ్యూటీ బాగా చేశారు సిస్టర్" అంది. నన్ను సిస్టర్ అనడం అదొక్కసారే. జీతం లేని ఆ ఉద్యోగం నాకు డెబ్బై ఏళ్లకు వచ్చింది.

మధ్యాహ్నం దాటాక ఇసుక గాలి లేచింది. కాగితం మీద ఆరో నంబరు. ముందున్న లారీ వెనక భాగం కనబడుతూనే కనబడకుండా పోయింది. ఆమె రోడ్డు దిగి, బాగా పక్కకు పోయి బండి ఆపింది. అద్దాల మీద ఇసుక ఇడ్లీ రవ్వ పోసినట్టు చప్పుడు. ఆమె నా మణికట్టు పట్టుకుంది. ధైర్యం చెప్పడానికి అనుకున్నాను. కాదు, నాడి లెక్కపెడుతోంది. అలవాటు. ఆ వేళ్లు చల్లగా ఉన్నాయి, లెక్క తప్పి మళ్లీ మొదటికొచ్చింది.

"నీకు గూడ భయమేనా సిస్టరమ్మా?"

"భయం లేకపోతే ఇక్కడ ఆపేదాన్నా పిన్నిగారూ? ఆ లారీ వెనకే పోయేదాన్ని."

ఆ మాట నాలో ఎంత దూరం దిగిందో అప్పుడు తెలియలేదు. గాలి తగ్గేదాకా ముగ్గురం పులిహోర తిన్నాం. తాయిఫ్ చేరే ముందు రోడ్డు పక్క దానిమ్మపళ్లు అమ్మే చోట ఆమె బండి ఆపి, ఒక పళ్ల డబ్బా బోర్లించి దాని మీద కూర్చుంది. "నా అరగంట" అంది. మేము కదిలించలేదు.

ఆ తరువాత మా కోడలికి దగ్గరుండి బండి నేర్పింది ఆమే. ఏడాది కింద కోడలికి లైసెన్సు వచ్చింది. బజారుకు, కూరగాయలకు, డాక్టరు దగ్గరికి నడుపుతుంది, బాగా నడుపుతుంది. ఊరు దాటనివ్వనిది నేను. ఆ పిల్ల హైవే మాట ఎత్తినప్పుడల్లా నాకు బీపీ గుర్తొచ్చేది. తాయిఫ్ కన్నా దూరం, కొండల మీది అభా ఊరికి పోదామని కోడలు అడగడం, నేను తల పట్టుకోవడం, ఆ పిల్ల ఊరుకోవడం. ఏడాదంతా ఇదే.

రెండు నెలల కింద సిస్టరమ్మ సెలవు మీద ఇంటికి వెళుతూ తన కారు తాళం నా చేతిలో పెట్టింది. ఈ ఎండకు వాడని బండి బ్యాటరీ చచ్చిపోతుందట, వారానికోసారి నడిపి ఆపాలట. నాకా, అన్నాను. మీకే, అంది. బ్రేకు మీద కాలు పెట్టి తాళం తిప్పడం, ఒంటికాలి మీద నిలబడ్డట్టుండే 'పి' అనే ఆ ఇంగ్లీషు అక్షరం దగ్గర గేరు ఉందో లేదో చూడడం నేర్పించింది. అయినా నా జాగ్రత్త నాది. చక్రాలకు ముందొకటి, వెనకొకటి ఇటుక పెట్టేదాన్ని. బిల్డింగు వాచ్‌మన్ బంగ్లాదేశీ అతను చూసి, "అమ్మా, గాడీ తో ఖడీ హై, ఈంట్ కాయ్‌కో?" అని అడిగేవాడు, ఆగి ఉన్న బండికి ఇటుకలెందుకని. "ఖడీ హై, ఖడీచ్ రహ్‌నా," అనేదాన్ని. ఆగింది ఆగే ఉండాలి కదా.

తాళం ఇచ్చిన రోజే ఇంకో మాట అంది. "నేనొచ్చేలోపు మీ కోడల్ని ఊరు దాటించండి పిన్నిగారూ. అభాకి తనే నడపాలి, మీ బండిలో. మీరు ముందు. నేను వెనక కూర్చుంటాను. కర్టెన్ లేని కిటికీ పక్కన, ఏ పనీ లేకుండా."

"నువ్వు వచ్చినంక చూద్దాం తియ్," అన్నాను.

ఆ మాటే ఇప్పుడు గుచ్చుకుంటోంది. పదకొండు భయాలకు మందు రాసిచ్చిన మనిషి ఒక్క కోరిక చెబితే, దాన్ని నేను వాయిదా వేశాను.

ఆమె పోయిన వారానికి, అన్నం తినేటప్పుడు కొడుకు అన్నాడు: "అభా ఇప్పుడేం వద్దమ్మా. మనసు బాగలేదు. ఎప్పుడన్న ఫ్లైట్ల పోదాం. గంటన్నరల దిగుతం."

కోడలు కంచంలో అన్నం కలుపుతూ ఉంది, తినడం లేదు. ఆ పిల్ల అడగదని నాకు తెలుసు. ఇన్నాళ్లూ అడిగి అడిగి అలిసిపోయింది. ఆమె తరఫున అడిగే మనిషి ఇప్పుడు లేదు.

"ఫ్లైట్ల నువ్వు పోరా," అన్నాను. "మేము రోడ్డు మీద పోతం. బిడ్డ నడుపుతది. నేను ముందర కూసుంట."

కొడుకు చేతిలో ముద్ద అలాగే ఆగింది. "అమ్మా, నీకు పానం బాగనే ఉన్నదా?"

"నా పానం నాకు ఎరికే. నువ్వొస్తవా రావా?"

"అత్తమ్మా," అంది కోడలు. "ఆడికి తాయిఫ్ మీదికెల్లి పన్నెండువందల కిలోమీటర్ల పైనే. ఘాట్ రోడ్డు. పొగమంచు కమ్ముతది. మీకు భయం కాదా?"

"ఎందుకు కాదు? భయమైతది కాబట్టే వస్తున్న. నేను లేకుంటే ఒంటెలు ఎవరు చూస్తరు?"

ఆ పిల్ల నవ్వబోయి ఏడ్చింది. నాకూ అప్పుడే వచ్చింది, శుక్రవారం రాని ఏడుపు.

పాత కాగితం బయటికి తీశాను. పదకొండుకు కింద నా పెద్ద అక్షరాలతో పన్నెండోది రాశాను: పొగమంచు. మందు కోడలే రాసింది: ఆగడం. నీళ్ల డబ్బాలు రెండు. పులిహోర. వెనక కిటికీకి ఎండ తగలకుండా అతికించిన నల్ల తెర ఒకటి ఉండేది మా బండికి. దాన్ని నేనే పీకేశాను. కొడుకు ఆ కిటికీ దగ్గర కూర్చోబోతే, "నువ్వు ఈ దిక్కు జరుగు" అన్నాను. వాడు జరిగి కూర్చున్నాడు.

మొదటి రోజు తాయిఫ్ దాకా, రెండో రోజు కొండల మీదుగా అభా అని అనుకున్నాం. బయలుదేరే పొద్దు కూడా శుక్రవారమే. ముందు సిస్టరమ్మ కారు దగ్గరికి వెళ్లాను. వాళ్ల తమ్ముడు కాగితాల పని అయ్యేదాకా అది అక్కడే ఉంటుంది, నా పనీ ఉంటుంది. ఇటుకలు చూసుకుని, కూర్చుని, పది నిమిషాలు నడిపాను. ఆమె సీటు ఆమె ఎత్తుకే ఉంది. నేను జరపలేదు. నా కాలు బ్రేకుకు అందీ అందనట్టు ఉంటుంది, అయినా అందుతుంది.

తరువాత మా బండి ఎక్కి బెల్టు పెట్టుకున్నాను. కోడలు అద్దాలు సర్దుకుని, నన్ను చూసి, తల ఊపి కదిలించింది. ఊరు దాటాం. పెద్ద గట్టు దిగి పడమటి రోడ్డు ఎక్కేసరికి సూర్యుడు వెనక నుంచి లేచాడు. మా నీడ పొడుగ్గా ముందుకు సాగింది.

"ఒంటె!" అన్నాను.

బోర్డు. నాకూ తెలుసు, ఆ పిల్లకూ తెలుసు. ఈసారి కోడలు నవ్వలేదు. కాలు మెల్లగా బ్రేకు మీద పెట్టింది. మా ముందు పోతున్న నీడ కూడా నెమ్మదించింది.