ఇరవై కోసి ఇరవై కలిపితే

పొద్దున్నే కొట్టుకు వెళ్ళినప్పుడల్లా బాపయ్య ఒక మాట అంటాడు. సబ్బు మీద పది శాతం తగ్గింపు ఉందని కొట్టు పుల్లమ్మ చెప్పబోతే, "శాతాలు నాకొద్దమ్మా, రూపాయల్లో చెప్పు" అంటాడు. ఆమె రూపాయల్లో చెప్పేదాకా సరుకు ముట్టుకోడు.

చీరాలలో అతను చిన్నప్పటి నుంచీ మగ్గం నేశాడు. నలుగురిలో నోరున్నవాడని పేరు. ఆ వీధిలో అందరూ జయరావు అనే షావుకారు దగ్గర నూలు తెచ్చుకుని, చీరలు నేసి ఇచ్చి, మగ్గానికి ఒకసారి ఎక్కించే నిలువు నూలు, అంటే ఒక్కో పడుగుకు, ఐదు వేలు మజూరీ తీసుకునేవాళ్ళు.

ఒక ఆషాఢంలో బట్టల షాపులవాళ్ళు ఇరవై శాతం డిస్కౌంటు పెట్టారు. షాపులు తన దగ్గర కొనే ధర తగ్గించాయని, ఆ భారం తానొక్కడే మోయలేనని జయరావు మజూరీలో కూడా ఇరవై శాతం కోశాడు. ఐదు వేలు నాలుగు వేలయింది. షాపుల్లో డిస్కౌంటు బోర్డులు తీసేశాక కూడా ఈ కోత పోలేదు. వీధిలో మగ్గాలు ఆపేశారు. మాట్లాడి రమ్మని బాపయ్యను పంపారు.

జయరావు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు.

"ఎంత కోశాను బాపయ్యా?"

"ఇరవై శాతమండి."

"ఇరవైకి ఇరవై కలిపేస్తా. సరేనా?"

"అంతకన్నా ఏం కావాలండి!"

బాపయ్య కాగితం మీద సంతకం పెట్టి వచ్చాడు. గెలిచామని ఆ సాయంత్రం వీధిలో బజ్జీలు పంచుకున్నారు.

తర్వాతి పడుగుకు చేతికొచ్చింది నాలుగు వేల ఎనిమిది వందలు. "మిగతా రెండొందలేవయ్యా?" అంది భార్య సుబ్బరావమ్మ. అప్పటికే వీధంతా అదే అడుగుతోంది.

పదో తరగతి చదివే కూతురు తేజశ్రీ విషయం విడమరిచింది. "ఆయన కోసింది ఐదు వేల మీద నాన్నా, వెయ్యి పోయింది. కలిపింది నాలుగు వేల మీద. ఎనిమిది వందలే వస్తాయి."

"మరి ఎంత అడగాల్సింది?"

"అది ఎక్స్ అనుకో. నాలుగు వేలలో ఒక శాతం నలభై. ఎక్స్ శాతమంటే నలభై ఎక్స్. అది వెయ్యి కావాలి. వెయ్యిని నలభైతో భాగించు. ఇరవై ఐదు."

అతని ముఖం చూసి ఆమె తువ్వాలును ఐదు మడతలు పెట్టింది. ఒక మడత విప్పి పక్కకు వదిలింది. "ఇప్పుడున్నవి నాలుగు. పోయిన మడత ఈ నాలుగింటిలో పావు వంతు. పావంటే ఇరవై ఐదు శాతం."

అది మాత్రం అతనికి వెంటనే అర్థమైంది. మర్నాడు అందరినీ వెంటబెట్టుకుని జయరావు ఇంటికి వెళ్ళాడు.

"ఇరవై ఐదు కలపాలండి, అప్పుడే పాత మజూరీ అవుతుంది."

జయరావు నవ్వాడు. "విన్నారర్రా? ఇరవై కోస్తే ఇరవై ఐదు కావాలంట! మీవాడు సంతకం పెట్టింది ఎంతకో అడగండి."

బాపయ్య ఎక్స్ అన్నాడు, మడతలన్నాడు, మధ్యలో తడబడ్డాడు. పక్క మగ్గం రోశయ్య అడ్డొచ్చాడు.

"ఏరా, ఆ రోజు కాఫీయేనా, ఇంకేమన్నా పుచ్చుకున్నావా?"

"అమ్మతోడురా, నాకు తెలియలేదురా."

"ఊరందరి తగువులూ తీర్చేవాడివి, నీకు తెలియదా? మనిషికి రెండొందలు షావుకారుకి మిగిల్చావు. నీ వాటా ఎంతరా?"

ఎవరో నవ్వారు. బాపయ్యకు లెక్క రాదంటే అక్కడ ఎవరూ నమ్మలేదు. అమ్ముడుపోయాడంటే నమ్మారు.

పడుగును వీధి పొడవునా చాపి గంజి పెట్టాలంటే ఇరుగుపొరుగు చేతులు కావాలి. ఎవరి పడుగుకైనా అందరూ వస్తారు. బాపయ్య పడుగుకు ఎవరూ రాలేదు. తల్లీకూతుళ్ళు చెరో కొసా పట్టుకున్నారు. మధ్యలో నూలు జారి మట్టిలో పడింది. రోశయ్య అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు. ఆ పడుగు పాడైంది. జయరావు మరో పడుగు ఇవ్వలేదు.

బాపయ్య ఇప్పుడు వేటపాలెంలో ఒక జీడిపప్పు కార్ఖానాలో బస్తాలు మోస్తున్నాడు. అతని వీధిలో పడుగు మజూరీ ఇప్పటికీ నాలుగు వేల ఎనిమిది వందలే.